నాన్నగారి మైళ్లు

'ఒరిజినల్' అనే మాటకు అర్థం ఏమిటని నాలుగేళ్ల కిందట ఎవరైనా నన్నడిగితే తడుముకోకుండా చెప్పేవాణ్ని. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పినవాణ్ని. ఒక మాటకు అర్థం చెప్పడం ఏమంత కష్టం! ఇప్పుడు మాత్రం ఎవరి నోటనైనా ఆ మాట వినపడితే చాలు, కాస్త ఆగి, ఆ చెప్పినవాడి మొహంకేసి చూస్తున్నాను. ఈ వయస్సులో నాకీ జ్ఞానం కలిగించింది మా నాన్నగారి కారు. కారంటే మొత్తం కారు కూడా కాదు. డాష్‌బోర్డు నడిమధ్య కూచునే ఒకే ఒక్క గుండ్రటి మీటరు.

మా నాన్నగారు తెనాలిలో ఎల్.ఎం.పి. డాక్టరు. పెద్ద డాక్టరని నేనంటే ఆయనే నవ్వేవారు. కాని చుట్టుపట్ల పల్లెల్లో ఏ అర్ధరాత్రి ఎవరికి ప్రాణం మీదికొచ్చినా లాంతరు పట్టుకుని మా అరుగు దగ్గరికే వచ్చేవారు. మొదట్లో సైకిలు మీద, జట్కాలో తిరిగారు. 1961లో మద్రాసులో ఒక కంపెనీ దొర స్వదేశం వెళ్లిపోతూ సామానంతా అమ్మేస్తున్నాడని తెలిసి, అమ్మ రెండు జతల గాజులు తాకట్టుపెట్టి, ఆయన కారు కొనుక్కొచ్చారు. మోరిస్ మైనర్, 1955 మోడలు.

ఆ కారు జాతకం నేను తరవాత చదివి తెలుసుకున్నాను. ఇస్సిగోనిస్ అనే ఇంజనీరు దానికి రూపకల్పన చేస్తే, 1948లో లండను మోటారు ప్రదర్శనలో మొదటిసారి జనానికి చూపించారు. 1960 ఆఖరుకు పదిలక్షల కార్లు తయారయ్యాయి. అంతకుముందు బ్రిటిషు కారు ఏదీ ఆ అంకె ముట్టుకోలేదు. మా దాని ఇంజను 803 సి.సి.; ముప్పై గుర్రాల బలం. మలుపు తిరగాలంటే దీపం మిణుకుమనడం కాదు. తలుపు పక్క స్తంభంలోంచి నారింజరంగు చెయ్యి ఒకటి టక్కున బయటికి లేచేది. పల్లెటూళ్లలో పిల్లలు ఆ చెయ్యి చూడడానికే కారు వెంట పరుగెత్తేవారు. "డాక్టరుగారి కారు రెక్క ఎత్తిందిరోయ్!" అని కేకలు.

నాన్నగారికి ఒక ఎర్ర అట్ట పుస్తకం ఉండేది. అందులో రోజూ రాత్రి భోజనం అయ్యాక కారు లెక్క రాసేవారు. తేదీ, ఊరు, మీటరు అంకె, పోయించిన పెట్రోలు. మొదటి పేజీల్లో పెట్రోలు గాలన్లలో ఉంటుంది. తరవాత లీటర్లు వచ్చాయి. రోడ్డు పక్క రాళ్లు కూడా మైళ్లు మానేసి కిలోమీటర్లు చెప్పసాగాయి. కారు మీటరు మాత్రం మైళ్లే తిప్పేది. నాన్నగారూ మైళ్లే రాసేవారు. ఆ పుస్తకంలో ఫీజుల సంగతి ఎక్కడా ఉండదు. ఎవరింటికి వెళ్లారో ఉంటుంది, ఎన్ని మైళ్లు వెళ్లారో ఉంటుంది, అంతే.

1979 మార్చిలో ఒక పేజీ అడుగున ఇలా ఉంది: "మీటరు ఆగినది. 61,483."

తరవాత బాగుచేయించలేదు. డబ్బు లేకో, తీరిక లేకో నాకు తెలియదు. కాని లెక్క రాయడం మాత్రం మానలేదు. మీటరు చెప్పకపోతేనేం, ఏ ఊరు ఎంత దూరమో ఆయనకు కంఠతా వచ్చు. గుంటూరు వెళ్లివస్తే ముప్పై రెండని వేసుకునేవారు. ఆ విధంగా 1984 దాకా సాగింది. 1985లో నాన్నగారు పోయారు. నేను ఆ ఆఖరు పేజీలన్నీ కూడి చూశాను. మీటరు ఆగిన తరవాత ఆయన తిరిగింది 3,912 మైళ్లు. మొత్తం 65,395.

ఆ తరవాత ఆ కారు కొట్టంలో పడి ఉంది. దానిమీద పాత నవారు మంచం, విరిగిన ఉయ్యాల బల్ల, బస్తాలు. వెనకసీటులో కోడి పొదిగిన సంవత్సరం కూడా ఉంది. "ఆ ఇనుమునెప్పుడు వదిలిస్తారండీ?" అని మా ఆవిడ ప్రతి సంక్రాంతికీ అడిగేది. "చూద్దాం" అని నేను ప్రతి సంక్రాంతికీ అనేవాణ్ని.

2021లో మా మనమడొక వార్త పట్టుకొచ్చాడు. యాభై ఏళ్లు దాటిన బళ్లకు కేంద్రప్రభుత్వం 'వింటేజి' రిజిస్ట్రేషను ఇస్తోందనీ, నంబరులో 'వి.ఎ.' అనే అక్షరాలు వేస్తారనీ చెప్పాడు. చాసీ, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదట. ఇంగ్లీషువాళ్ల లెక్కలో అయితే 1919 నించి 1930 దాకా తయారైనవే వింటేజి. మా బండి వాళ్ల దృష్టిలో పసిపిల్ల. మన నిబంధన అంత పట్టింపు గలది కాదు. "తాతయ్యా, ముత్తాతగారి కారుకి పేరొస్తుంది" అన్నాడు వాడు. నాకు ఆశ పుట్టింది.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ దొరికాడు. ఏడు నెలలు పట్టింది. కొట్టంలోంచి లారీ ఎక్కి వెళ్లిన బండి తన కాళ్లమీద తాను నడిచి ఇంటికొచ్చింది. వీధిలో హారను మోగేసరికి మా ఆవిడ పోపు గరిటె చేత్తో పట్టుకునే బయటికి వచ్చి, చాలాసేపు చూసి, "మామయ్యగారు దిగుతారేమో అనిపిస్తోందండీ" అంది. అన్నీ బాగానే ఉన్నాయి. మీటరు మాత్రం చచ్చి ఉంది. ముల్లు కదలదు, అద్దం పొగబట్టింది, డయలు మీద మచ్చలు. ఆ కారులో పెట్రోలు ఎంతుందో చెప్పే ముల్లు కూడా అదే డయలులో అడుగున ఉంటుంది. అంచేత ఆ ఒక్కటీ పోతే రెండూ పోయినట్లే.

"ఇది పనికిరాదు మాస్టారూ. ఏదో ఒక కొత్తది బిగించేస్తాను, ఎవరు చూడొచ్చారు?" అన్నాడు మేస్త్రీ.

"ఒరిజినలే కావాలి" అన్నాను నేను, సింహాసనం మీద కూచున్నవాడిలాగా.

"ఒరిజినలంటే మద్రాసు పోవాలి. పుదుపేట."

పుదుపేట గురించి విననివారు ఉంటే చెబుతాను. చెన్నపట్నంలో కూవం ఒడ్డున ఉన్న పేట అది. చచ్చిపోయిన మోటారు బళ్లన్నీ చేరేది అక్కడికే. ఒక కొట్టు నిండా తలుపులే; ఒక కొట్టు నిండా దీపాలే; మరో కొట్టులో గేరుపెట్టెలు పనసకాయల్లాగ పేర్చి ఉంటాయి. కలకత్తాలో మల్లిక్ బజారు, ఢిల్లీలో మాయాపురి కూడా ఇలాంటివే. పాతబండి గలవాడికి ఇవి పుణ్యక్షేత్రాలు. పాప పరిహారం సంగతి నేను చెప్పలేను గాని, జేబు బరువు మాత్రం తప్పకుండా తీరుతుంది.

మూడు రోజులు తిరిగాను. అంబాసిడరు మీటర్లు, ఫియట్ మీటర్లు, హెరాల్డు మీటర్లు చూపించారు; అన్నీ కిలోమీటర్లవి. నాకు మైళ్లది కావాలి. ఆ మూడు రోజుల్లో 'ఒరిజినల్' అనే మాటకు మూడు అర్థాలు నేర్చుకున్నాను. "ఒరిజినల్ సార్" అంటే ఏదో బండిలోంచి ఊడదీసింది. "ఒరిజినల్ మాదిరి సార్" అంటే ఇక్కడే ఎవరో చేసింది. "ఒరిజినల్ కంటే బాగుంటుంది సార్" అంటే అడక్కుండా వెళ్లిపోవడం మంచిది.

మూడోరోజు సాయంత్రం, ఒక ఇరుకు కొట్టులో, బల్ల కిందనించి గుడ్డ చుట్టిన పొట్లం తీశాడొకాయన. విప్పేసరికి నా గుండె ఝల్లుమంది. మా మీటరే! అదే గుండ్రన, అదే స్మిత్స్ అనే పేరు, మైళ్లు, అడుగున పెట్రోలు ముల్లు. పైగా డయలు నిన్న అచ్చువేసినట్లు మెరిసిపోతోంది. అలా మెరవడమే అనుమానించవలసిన విషయమని అప్పుడు నాకు తోచలేదు. తొమ్మిదివేలన్నాడు. ఆరువేల అయిదువందలకు దిగాడు. మీటరుకు వెనకవైపున్న రంధ్రంలో చిన్న తీగముక్క పెట్టి వేళ్లతో తిప్పి, ముల్లు లేవడం చూపించాడు.

డబ్బు లెక్కపెడుతూంటే ఆయన మామూలుగా, కాఫీలో పంచదార ఎంత అని అడిగినట్లు, "నంబరు ఎంత పెట్టమంటారు సార్?" అన్నాడు.

"ఏం నంబరు?"

"ఎన్ని మైళ్లు తిరిగిందో ఆ నంబరు. ఎంతంటే అంత పెడతాను. సున్నా పెట్టనా?"

నాకు సరదా వేసింది. నాన్నగారి పుస్తకంలో మొత్తం నాకు నోటికి వచ్చు. "అరవై అయిదు వేల మూడువందల తొంభై అయిదు" అన్నాను. ఆయన మూత విప్పి, సన్న పుల్లతో అయిదు చక్రాలూ టకటకా తిప్పి, అరనిమిషంలో 65,395 చేసి నా చేతిలో పెట్టాడు. నాన్నగారు పద్దెనిమిదేళ్లు, ఆ పైన అయిదేళ్లు, బురదలో వానలో తిరిగిన తిరుగుడంతా అరనిమిషంలో అయిపోయింది. అది కూడా నాకు అప్పుడు తోచలేదు. ఆ లెక్క పూర్తిచేసి పెట్టిన కొడుకునని పొంగిపోతూ రైలెక్కాను.

మీటరు బిగించాం. ముల్లు లేచింది, దీపం వెలిగింది. నెల రోజులు చుట్టుపట్ల ఊళ్లన్నీ తిరిగాను. ఒకనాడు గుంటూరు రోడ్డు మీద పోతూంటే మనమడు తన ఫోనూ, నా మీటరూ మార్చి మార్చి చూసి, "తాతయ్యా, మీ మీటరు అబద్ధం చెబుతోంది" అన్నాడు. మీటరులో నలభై ఏడు. ఫోనులో లెక్క చూస్తే గంటకు నలభై మైళ్లు. ఫోనుదే పొరపాటన్నాను నేను. రోడ్డు పక్క రాళ్లు పట్టి చూశాం. పదహారు కిలోమీటర్లంటే పది మైళ్లకు కొంచెం తక్కువ. మీటరు పదకొండు దాటి పన్నెండో అంకె సగానికి పైగా ఎక్కింది. రాళ్లు అబద్ధం చెప్పవు గదా!

ఆ రాత్రి నేను పాత మీటరూ కొత్త మీటరూ పక్కపక్కన పెట్టుకుని భూతద్దంతో చూశాను. స్పీడోమీటరు పనిచేసే తీరు వింటే మీరూ ముచ్చటపడతారు. గేరుపెట్టె నించి పొడుగాటి తీగ ఒకటి తిరుగుతూ వచ్చి మీటరులో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. ఆ అయస్కాంతాన్ని ముట్టుకోకుండా దానిమీద ఒక అల్యూమినియం గిన్నె ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో సుడి విద్యుత్తు పుట్టి, గిన్నె కూడా దానివెంట తిరగాలని చూస్తుంది. గడియారంలో ఉండేలాంటి సన్నటి జుట్టు స్ప్రింగు దాన్ని వెనక్కి లాగుతుంది. ఈ పోట్లాటలో గిన్నె ఎంత తిరిగిందో ముల్లు అంత చూపిస్తుంది. 1824లో అరాగో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు తిరిగే రాగి పళ్లెంతో చూపించిన వింత ఇదే. 1902లో షుల్జె అనే ఆయన దాంతో వేగం కొలిచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. అరాగో పళ్లెం గురించి ముప్పై రెండేళ్లు నల్లబల్ల మీద బొమ్మలు వేశాను. అది మా ఇంటి కారులోనే తిరుగుతోందని ఒక్కనాడైనా అనుకున్నానా!

మైళ్లు లెక్కపెట్టేది వేరే పని. తీగ ఇన్ని చుట్లు తిరిగితే ఒక మైలని పళ్లచక్రాలు లెక్కవేస్తాయి. ఆ 'ఇన్ని' ఎంతో డయలు మీదే చీమ తలకాయంత అక్షరాల్లో అచ్చువేసి ఉంటుంది. అన్ని బళ్లకూ అది ఒకటి కాదు. టైర్లు మారితే మారుతుంది. వెనక ఇరుసులో పళ్ల నిష్పత్తి మారితే మారుతుంది. మోరిస్ మైనర్‌కే 1956లో 948 సి.సి. ఇంజను పెట్టి, వెనక ఇరుసు నిష్పత్తి కూడా మార్చారు. చూపుకు మీటరు అదే. లోపలి లెక్క వేరు.

మా బండి లెక్క ఎంతో తెలుసుకోవడానికి పాత పద్ధతి ఒకటుంది. యాభై రెండు అడుగుల తొమ్మిదిన్నర అంగుళాలంటే మైలులో నూరోవంతు. అంత దూరం సుద్దతో వీధిలో గీతలు గీశాం. తీగ కొసను మీటరు నించి ఊడదీసి, దానికి అట్టముక్క జెండాలాగా గుచ్చాం. మనమడూ, పక్కింటి కుర్రాళ్లిద్దరూ బండి తోస్తూంటే నేను లోపల కూచుని జెండా చుట్లు లెక్కపెట్టాను. వీధి వీధంతా అరుగుల మీద చేరింది. "పెట్రోలు లేదా మాస్టారూ?" అని ఒకరు, "పాఠం చెబుతున్నారర్రా" అని ఇంకొకరు. మూడుసార్లు తోయించాను. మూడుసార్లూ పదిహేనున్నర. అంటే మైలుకు 1,550. పుదుపేట మీటరు డయలు మీద ఉన్నది పదమూడు వందల చిల్లర.

కొట్టాయనకు ఫోను చేశాను. "స్పీడు ఎక్కువ చూపిస్తే మంచిదే కదా సార్! మీరు మెల్లిగా పోతారు, ప్రాణానికి భద్రం" అన్నాడు. నాకు కోపం రావలసింది, నవ్వొచ్చింది. నిజానికి తప్పు నాది. నేను డయలు మెరుపు చూశాను గాని అంకె చూడలేదు.

కాని నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. మీటరు ఊడదీసే నాటికి దానిమీద 65,629 ఉంది. నేను తిరిగింది రెండువందల మైళ్లు. అది చెప్పేది రెండువందల ముప్పై నాలుగు. నాన్నగారి అంకె పక్కన నేను ముప్పై నాలుగు మైళ్ల అబద్ధం చేర్చాను. ఎవరికీ నష్టం లేదు. అయినా ఆ రాత్రి ఎర్ర అట్ట పుస్తకం తెరవడానికి నాకు చెయ్యి రాలేదు.

మా అమ్మాయి ఇంగ్లండులో సౌతాంప్టన్‌లో ఉంటుంది. అక్కడికి దగ్గర్లోనే, ఏటా సెప్టెంబరులో పాత కార్ల భాగాల తిరనాళ్ల ఒకటి జరుగుతుంది. ఊరి పేరు రాసేదొకలాగ, పలికేది 'బ్యూలీ' అని. 1967 నించీ జరుగుతోంది. పొలాల్లో గుడారాలు వేసుకుని తుప్పుపట్టిన సామాను అమ్ముతారట. "చూసి రా అమ్మా" అన్నాను. పాత మీటరు ఫొటోలు పంపించాను.

అక్కడ ఒక ముసలి దొర బల్లమీద పదిహేను మోరిస్ మైనర్ మీటర్లున్నాయట. మా అమ్మాయి ఒకటి చేతిలోకి తీసుకోగానే ఆయన ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఏ సంవత్సరం బండి? డయలు మీద అంకె ఎంత? మైళ్లా, కిలోమీటర్లా? బ్యాటరీ ఎన్ని వోల్టులు? ఏ కొస బాడీకి కలిపారు? పెట్రోలు ముల్లు తాళం తిప్పగానే ఠక్కున లేస్తుందా, నిదానంగా పాకుతుందా? ఠక్కున లేచేది పాత రకమట. పాకేది తరవాతి రకమట. పాకేదానికి వోల్టేజిని పదికి దించే చిన్న పెట్టె ఒకటి ఉండాలి. అది లేకుండా కలిపితే టాంకులో ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, కాలిపోయినా పోవచ్చు. కొన్ని పాత డయళ్లకు చీకట్లో మెరవడానికి రేడియం పూసేవారనీ, అలాంటివి దొరికితే గోకవద్దనీ కూడా చెప్పాడు. పుదుపేటలో నన్ను ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

ఆఖరున ఆయన, "మీ పాతదానికి ఏం జబ్బు?" అని అడిగాడట.

మా అమ్మాయి నాకు ఫోను చేసింది. "నాన్నా, పాతదానికి ఏమయిందని అడుగుతున్నారు."

నేను నోరు తెరిచాను, మాట రాలేదు. పాతదానికి ఏమయిందో నాకు తెలియదు. ఎవరూ విప్పి చూడలేదు. మేస్త్రీ పోయిందన్నాడు, నేను పోయిందనుకున్నాను, మద్రాసు వెళ్లిపోయాను. డాక్టరు కొడుకుని, రోగిని చూడకుండానే శ్మశానానికి పంపించాను.

ఆ దొర మీటరు అమ్మలేదు. "ముందు మీ నాన్నగారిని ఆ పాతది విప్పించి చూడమనండి. ఇది పై ఏడాది కూడా ఇక్కడే ఉంటుంది" అని, ఒక అద్దం, దానికింద వేసే రబ్బరు వలయం మాత్రం ఇచ్చి పంపాడు. ఒరిజినల్ అంటే నాలుగో అర్థం అప్పుడు తెలిసింది.

మా బజారులో గడియారాలు బాగుచేసే ముసలాయన ఒకరున్నారు. నాకంటే పదేళ్లు పెద్ద. అందరి జేబుల్లోకీ ఫోన్లు వచ్చినప్పటినించీ ఆయన కొట్లో సందడి తగ్గింది. స్మిత్స్‌వాళ్లు కూడా మొదట లండనులో గడియారాల వ్యాపారంతోనే మొదలయ్యారని చదివిన సంగతి గుర్తొచ్చి, ఆయన దగ్గరికి వెళ్లాను. కంటికి భూతద్దం తగిలించుకుని, మీటరు అంచున ఉన్న పళ్లెం వలయాన్ని తిప్పి, మూత తీసి, "అబ్బ, ఎంత గ్రీజు!" అన్నారు.

జబ్బు అదే. తీగకు పూసిన గ్రీజు ఏళ్ల తరబడి పైకి పాకి, లోపల ఇరుసు దగ్గర చేరి గట్టిపడింది. ఇరుసు బిగుసుకుంది, తీగ తెగింది. అంకెల చక్రాల్లో ఒక చిన్న పళ్లచక్రానికి రెండు పళ్లు విరిగాయి. అంతే. అయస్కాంతం, గిన్నె, జుట్టు స్ప్రింగు దివ్యంగా ఉన్నాయి. వాటి జోలికి ఆయన పోలేదు. డయలు మీద మచ్చలు తుడవనా అని నేను గుడ్డ తీస్తే చెయ్యి పట్టుకున్నారు. "తుడిస్తే మచ్చలతోపాటు అంకెలూ పోతాయి మాస్టారూ. మీ మొహం మీద మచ్చలు మీరు గీకేసుకుంటున్నారా?"

విరిగిన పళ్లచక్రం పుదుపేట మీటరులోంచి తీశారు. అది అతికినట్లు సరిపోయింది. పాపం, ఆ మీటరు మీద నా కోపం అప్పుడు సగం తగ్గింది. బ్యూలీ అద్దం పైన కూచుంది. తీగ ఆటోనగర్‌లో కొత్తది వేయించాను. అంతా అయ్యాక ఆయన పట్టకారు పక్కన పెట్టి, భూతద్దం తీసి, "చక్రాలన్నీ ఊడదీయవలసి వచ్చింది. మళ్లీ ఎక్కించాలి. అంకె ఎంత పెట్టమంటారు?" అన్నారు.

పుదుపేటలో విన్న ప్రశ్నే. ఈసారి జవాబు రాలేదు. రేపు చెబుతానని వచ్చేశాను.

రాత్రి ఎర్ర అట్ట పుస్తకం తీశాను. 65,395 నాన్నగారు నిజంగా తిరిగిన మొత్తం కదా, అదే పెట్టడం న్యాయం కదా అనుకుంటూ ఆఖరు పేజీలు తిప్పాను. అంతకు ముందు వందసార్లు చూసిన పేజీలే. 1979 మార్చి తరవాత ప్రతి అంకె పక్కనా ఒక చిన్న అక్షరం, చుక్కతో: 'సు.' కొల్లిపర, పదహారు, సు. గుంటూరు, ముప్పై రెండు, సు. అదేదో ఆయన సంతకం పొట్టి చేశారనుకున్నాను ఇన్నేళ్లూ. సంతకం కాదు. సుమారు.

ఆ పేజీలు ఎవరూ చూసేవి కావు. ఎవరికీ లెక్క అప్పజెప్పేవి కావు. అయిదేళ్లపాటు, రాత్రివేళ, అలిసిపోయి వచ్చి, తనకు తెలిసిన దూరం పక్కన కూడా, మీటరు చూడలేదు గనక, ఆయన 'సుమారు' అని రాసుకున్నారు. నేను ఆ 3,912 సుమార్లనూ కూడి, అక్షరం కొట్టేసి, పుదుపేటలో ఇనుప చక్రాల మీద నిజం చేసి పెట్టించాను. మీటరుకు 'సుమారు' అనడం రాదు. అది ఏ అంకె చూపినా ఖాయంగానే చూపిస్తుంది.

మా ఆవిడ దీపం ఆర్పడానికి వచ్చి, "ఇంకా ఏం చూస్తున్నారండీ?" అంది. చెప్పాను.

"దీనికింత ఆలోచనా? మామయ్యగారు ఆగిందని రాసి పెట్టారుగా. ఎక్కడ ఆగిందో అక్కడినించే మొదలుపెట్టండి."

మర్నాడు వెళ్లి 61,483 అని చెప్పాను. ఆయన నా ఎదుటే ఒక్కొక్క చక్రం ఎక్కించి, నన్ను చూసుకోమని, మూత బిగించారు. మజూరీ మూడువందలన్నారు. నేను అయిదువందలిస్తే, రెండువందలు తిరిగి ఇచ్చేశారు.

పుదుపేట మీటరు ఇప్పుడు నా బల్లమీద ఉంది. మనమడు దాన్ని విప్పి, అయస్కాంతం తిప్పి, గిన్నె కదలడం చూస్తూంటాడు. అరాగో పాఠం వాడికి నేను చెప్పనక్కర్లేకపోయింది. పాతబండి గలవారెవరైనా నన్ను సలహా అడిగితే నేను చెప్పేది ఇంతే: అంకె చూడండి, మెరుపు చూడకండి, కొనేముందు పాతదాన్ని ఒకసారి విప్పించండి, నంబరు ఎంత పెట్టమంటారని అడిగితే తొందరపడి చెప్పకండి.

మీటరు బిగించిన రోజు సాయంత్రం నేనూ మా ఆవిడా కాలవగట్టు మీదుగా కొల్లిపర వెళ్లాం. ఎగుడుదిగుడు రోడ్డు. సీటు స్ప్రింగు గుచ్చుకుంటోందని ఆవిడ దారిపొడుగునా సణుగుతూనే ఉంది. ఊరు దాటిన కాసేపటికి ఆఖరు చక్రంలో మూడు మెల్లిగా పైకి జరిగి, దాని కిందనించి నాలుగు వచ్చింది. 61,484. నలభై ఏళ్లు దాటింది ఆ అంకె రావడానికి. నేనేమీ అనలేదు. ఆవిడ కూడా అటే చూస్తోందని, సణుగుడు ఆగడంవల్ల తెలిసింది.

ఇంటికొచ్చి, భోజనం అయ్యాక, ఎర్ర అట్ట పుస్తకంలో నాన్నగారి ఆఖరు వరస కింద ఒక గీత గీశాను. తేదీ వేసి, కొల్లిపర అని రాసి, మీటరు అంకె వేశాను. దాని పక్కన 'సు.' అని రాయలేదు. పైన ఆయన రాసినవి ఒక్కటీ కొట్టేయలేదు.